సున్నా సెంటీమీటర్ల గాటు

ఆరోగ్య గొడుగు పథకం కింద ఎవరికి ఏ ఆపరేషన్ చేసినా, ఇంటికి పంపే ముందు గాటును ఫోటో తీస్తారు. పక్కన ప్లాస్టిక్ స్కేలు పెట్టి మరీ తీస్తారు. ఆ ఫోటో కంప్యూటర్లోకి ఎక్కితే ఆపరేషన్ జరిగినట్టు, ఎక్కకపోతే జరగనట్టు. పేషెంటు లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నా సరే, జరగనట్టే.

ఈ రూలు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వెనకటికి కొన్నిచోట్ల ఆపరేషన్ చేయకుండానే చేశామని రాసేసుకుంటుంటే, ఆ దొంగతనం ఆపడానికి పైవాళ్ళు బాగా ఆలోచించి "చేసిన వైద్యం కంటికి కనబడవలెను" అని ఒక వాక్యం తయారుచేశారు. వాక్యం బాగా కుదిరింది. దాన్ని ఫ్రేము కట్టించి ప్రతి ఆసుపత్రిలోనూ గొడుగు కౌంటర్ పైన తగిలించారు. కంటికి కనబడకుండా వైద్యం చేసే రోజు కూడా వస్తుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు సత్యవేణి రూపంలో వచ్చింది.

సత్యవేణి ఆర్టీసీ కండక్టరు. లంకల వైపు తిరిగే పల్లెవెలుగు బస్సు ఆమెది. అరటిగెలకి టికెట్టేంటని వాదించేవాళ్ళకీ, ఫుట్‌బోర్డు వదలని కాలేజీ కుర్రాళ్ళకీ ఆమె గొంతంటే హడల్. అంతటి మనిషీ ఏడాదిగా ఒక్కదాని దగ్గరే ఓడిపోతోంది. నెలసరి వచ్చిందంటే ఆగదు. ఎన్ని జాగ్రత్తలు పడ్డా బట్టలు దాటి వచ్చేసేది. ఆ రోజుల్లో బస్సు ఖాళీగా పోతున్నా ఆమె సీట్లో కూర్చునేది కాదు, కడ్డీ పట్టుకుని నిలబడే ఉండేది. చివరికొకరోజు ఏటి వంతెన మీద కళ్ళు తిరిగి, టికెట్ల మిషన్‌తో సహా వెళ్ళి అరటిగెలల మీద పడింది.

స్కాన్ తీస్తే గర్భసంచిలో గడ్డలన్నారు. పెద్దది బత్తాయంత ఉందట. క్యాన్సర్ కాదు, కానీ రక్తం ఇలా పోతుంటే మనిషి నిలబడదన్నారు.

జిల్లా పెద్దాసుపత్రిలో సర్జన్ భుజంగరావు గారు ఫిల్మును వెలుతురుకి పట్టి చూసి, "తీసేద్దాం" అన్నారు.

"గడ్డలేనాండి?"

"గర్భసంచే. ఇద్దరు పిల్లలున్నారు కదమ్మా, ఇంకేం చేసుకుంటావు దాన్ని?"

"ఏం చేసుకోనండి. నాది కదాని ఉంచుకుంటాను."

భుజంగరావు గారికి తన సర్వీసులో ఇలాంటి సమాధానం ఎదురవలేదు. ఆయన సత్యవేణి మొగుడు గంగరాజు వైపు చూశారు. గంగరాజు కొబ్బరికాయల లోడు ఎత్తే మనిషి. కోటు వేసుకున్నవాళ్ళు ఏది చెప్పినా తలూపడం అతనికి అలవాటు.

"పెద్ద డాక్టరు గారు చెప్తన్నారు కదే, తీయించేసుకో" అన్నాడు.

"నీదేదో తీసేత్తానంటే ఇచ్చేత్తావేంటి?" అంది సత్యవేణి.

గంగరాజు తలూపడం ఆపేశాడు.

ఆమె మొండితనానికి కారణం ఉంది. వాళ్ళక్కకి ముప్పై మూడేళ్ళకే ఇలాంటి గడ్డలకే గర్భసంచి తీసేశారు. పనిలో పనిగా అండాశయాలు కూడా లాగేశారని తర్వాత తెలిసింది. ఆ మనిషి అప్పట్నుంచి ఒంట్లో ఆవిర్లనీ, ఎముకల నొప్పులనీ పడుతూనే ఉంది. మన ఇళ్ళల్లో గర్భసంచి తీయించుకోవడం పన్ను పీకించుకున్నంత తేలికైపోయింది. పన్ను పీకేటప్పుడైనా ఏ పన్నో అడుగుతారు.

అదే ఆసుపత్రిలో మెట్ల కింద గదిలో హనీఫ్ అని కొత్తగా వచ్చిన డాక్టరున్నాడు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ రక్తనాళాల్లోంచి వైద్యం చేయడం అతని పని. సత్యవేణి తెచ్చిన స్కాన్ చూసి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, అవతలివాళ్ళకి అర్థమయ్యేలా మాట్లాడాడు.

"గడ్డలున్నంత మాత్రాన గర్భసంచి తీయాలని లేదండీ. లోపొర దగ్గర ఉంటే కిందనుంచే కెమెరా పంపి గీకేయొచ్చు. గోడలోనో బయటవైపో ఉంటే పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి గడ్డల్ని మాత్రం తీయొచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళకి చాలావరకు అదే మంచిది. మీరు ఇంక పిల్లలు వద్దంటున్నారు, గడ్డలేమో గోడ నిండా ఉన్నాయి. మీకైతే మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డలకెళ్ళే రక్తాన్ని ఆపేస్తాను. తిండి అందక అవే ముడుచుకుపోతాయి."

"కొయ్యరాండి?"

"సూదిపోటంత. ఆ రోజు మాత్రం కడుపునొప్పి బాగా ఉంటుంది, మందులిస్తాం. మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చు. గడ్డలు ఒక్కసారే మాయమవ్వవు, కొన్ని నెలలు పడుతుంది. అందరికీ ఒకేలా తగ్గుతాయని కూడా చెప్పను."

ఇంతకుముందు ఏ డాక్టరూ తనకి తెలియనిది ఉందని చెప్పడం సత్యవేణి వినలేదు. అందుకే అతన్ని నమ్మింది.

గొడుగు పథకంలో 'గర్భసంచి గడ్డలకు వైద్యం' అని ముందస్తు అనుమతి వచ్చింది. హనీఫ్ చెప్పినట్టే చేశాడు. చెప్పినట్టే ఆ రోజంతా కడుపులో మెలిపెట్టేసింది. మర్నాటికి తగ్గింది. సత్యవేణి తల దువ్వుకుని, సంచి సర్దుకుని, డిశ్చార్జి కోసం కౌంటర్ దగ్గరికెళ్ళింది.

కౌంటర్లో మౌనిక అనే అమ్మాయి కెమెరా, స్కేలు సిద్ధం చేసుకుంది. "గాటు చూపించండక్కా."

సత్యవేణి చెయ్యి చాపింది. మణికట్టు మీద చిన్న దూది, దాని మీద ప్లాస్టరు.

"ఇది సెలైన్ పెట్టిందక్కా. ఆపరేషన్ గాటు."

"అదేనమ్మా ఆపరేషను."

మౌనిక ప్లాస్టరు తీసి చూసింది. దోమ కుట్టినంత ఉంది. స్కేలు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అటూ ఇటూ జరిపి, కంప్యూటర్లో 'గాటు పొడవు' దగ్గర సున్నా కొట్టింది. ఎర్రక్షరాలు వచ్చాయి. ఐదు సెంటీమీటర్లకి తక్కువైన గాటు చెల్లదు, వైద్యం జరగలేదు, రోగిని వార్డులోనే ఉంచవలెను.

డిశ్చార్జి లేకపోతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వరు. ఫిట్‌నెస్ లేకపోతే డిపోలో డ్యూటీ ఎక్కించుకోరు. సత్యవేణి నేరుగా పథకం కోఆర్డినేటర్ ప్రకాశం గారి గదిలోకి నడిచింది.

ప్రకాశం గారు ఎవరితో మాట్లాడినా ప్రెస్‌మీట్‌లో ఉన్నట్టే మాట్లాడతారు.

"చూడండి సత్యవేణి గారూ, మీ ఆరోగ్యం పట్ల పథకం పూర్తి నిబద్ధతతో ఉంది. అయితే వైద్యం జరిగిందనుటకు ప్రాథమిక ఆధారం కొరవడినది."

"నేనే ఆధారమండి. చూడండి, నిలబడ్డాను."

"నిలబడుట అనేది నిబంధనల్లో లేదు. గాటు అనేది ఉంది."

"మరి కుట్లు లేకుండా చేయడవే దీని గొప్పని డాక్టరు గారు చెప్పారు కదండీ."

"అది వైద్యుల అభిప్రాయం" అన్నారు ప్రకాశం గారు, అదొక చెడ్డ అలవాటన్నట్టు. "ఉన్నతాధికారుల దృష్టికి తీసుకెళ్తాను. అంతవరకు మీరు చికిత్స కోసం ఎదురుచూస్తున్న రోగిగా పరిగణింపబడతారు."

అలా సత్యవేణి మళ్ళీ మంచమెక్కింది.

పక్క మంచం మీద నాగరత్నమ్మ అని జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ ఉండేది. ఆవిడకీ గడ్డలే, భుజంగరావు గారి చేతిలో పడింది. బొడ్డు కిందనుంచి రైలుపట్టాల్లాగా కుట్లు. ఫోటో ఎక్కించిన వెంటనే కంప్యూటర్ ఆకుపచ్చగా నవ్వింది. ఆవిడ ఇంకా నడుం ఎత్తలేక మూలుగుతుంటే, పూర్తిగా కోలుకున్నట్టు చెప్పి చక్రాల కుర్చీలో గేటు దాకా దింపారు.

"నువ్వు బాగానే ఉన్నావు కదమ్మా, నిన్నెందుకు పంపట్లేదు?" అని వెళ్తూ అడిగింది నాగరత్నమ్మ.

"బాగున్నాననేనండి" అంది సత్యవేణి.

ఊరికే పడుకోవడం ఆమెకి చేతకాదు. వార్డులో పరామర్శకి వచ్చేవాళ్ళు గుమ్మంలో గుంపుగా నిలబడితే, "ముందుకి జరగండి, లోపలంతా ఖాళీయే, గుమ్మంలో ఏవుందని వేలాడతారు" అని జరిపేది. మంచానికి ఇద్దరి కంటే ఎక్కువ మంది కూర్చుంటే దింపేసేది. నర్సులకి పని తగ్గింది. ఈవిడకి గాటు రాకపోతేనే బాగుండుననుకున్నారు.

ఈలోగా ఆసుపత్రిలో 'గాటులేని వైద్య వారోత్సవాలు' మొదలయ్యాయి. హనీఫ్ చేసిన పనికి రాజధానిలో మంచి పేరొచ్చిందట. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో పెద్దల బొమ్మలు, వాళ్ళ మధ్యలో సత్యవేణి మణికట్టు. 'కోత లేదు, కుట్టు లేదు, మర్నాడే ఇంటికి' అని రాశారు. సత్యవేణికి శాలువా కప్పి, చప్పట్లు కొట్టి, మళ్ళీ తీసుకెళ్ళి వార్డులో పడుకోబెట్టారు.

ఆమె శాలువాతోనే ప్రకాశం గారి గదికెళ్ళింది. "గేటు మీద నేను ఇంటికెళ్ళిపోయానని రాశారండి. ఇక్కడ నన్నొదలట్లేదు."

"ఫ్లెక్సీ ప్రచార విభాగం వారిది. నాది ధ్రువీకరణ విభాగం. ఒకరి పనిలో ఒకరం తలదూర్చుకోం" అన్నారాయన. "అయినా మీకు శుభవార్త. గాటు నిర్ధారణ కమిటీ వస్తోంది."

కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు. భూతద్దం, టేపు తెచ్చుకున్నారు. సత్యవేణి మణికట్టును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో చూశారు. అప్పటికి ఆ చుక్క కూడా మానిపోయింది. నున్నటి చర్మం మీద టేపు పెట్టి కొలిచి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కమిటీ అధ్యక్షుల వారు హనీఫ్‌ను పిలిపించారు.

"ఉన్న ఆధారం కూడా మాయమైంది. మీ వైద్యంలో ఇదొక లోపం కాదా?"

"మానిందండీ. గాయం మానడం..."

"మానుట వేరు, ఆధారాలు తారుమారగుట వేరు. సంజాయిషీ ఇవ్వండి."

భుజంగరావు గారు కూడా వచ్చి కూర్చున్నారు. చర్చ జరిగింది. పథకం గౌరవం కాపాడాలి, రోగిని ఇంటికి పంపాలి, నిబంధన ఉల్లంఘించకూడదు. ఈ మూడూ కలిసివచ్చే మార్గం ఒక్కటే కనబడింది. అధ్యక్షుల వారు లేచి నిలబడి చెప్పారు.

"మానవతా దృక్పథంతో, ప్రత్యేక కేసుగా పరిగణించి, శ్రీమతి సత్యవేణి గారికి ఉదర భాగమున ఒక లాంఛనప్రాయమైన గాటు పెట్టుటకు కమిటీ సిఫార్సు చేస్తున్నది."

"లాంఛనమంటే ఏంటండీ?" అంది సత్యవేణి.

"పైపైనే. లోపల ఏమీ చేయరు. గాటు లేకుండా వైద్యం జరిగిందని చెప్పడానికి మాత్రమే ఈ గాటు."

భుజంగరావు గారు దగ్గారు. "పైపైన అంటే సర్జన్‌కి చిన్నతనంగా ఉంటుంది సార్. ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం, మత్తు ఎలాగూ ఇస్తున్నాం. ఆ గర్భసంచి కూడా తీసేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది. గాటుకి ఒక అర్థం కూడా వస్తుంది."

"సమంజసంగా ఉంది" అన్నారు అధ్యక్షుల వారు.

హనీఫ్ బల్ల మీద చెయ్యి వేశాడు. "సార్, ఆ గర్భసంచిని కాపాడడానికే కదా వైద్యం చేసింది."

"ఏ వైద్యం?" అన్నారు అధ్యక్షుల వారు. నిజంగానే అర్థం కాక అడిగారు.

మర్నాడు పొద్దున్న తొలి ఆపరేషన్ సత్యవేణిదే అని బోర్డు మీద రాసేశారు. గొడుగు పథకం పుట్టాక అంత తొందరగా వచ్చిన అనుమతి అదే.

సాయంత్రం గంగరాజు క్యారేజీ తెచ్చాడు. సత్యవేణి ముద్ద ముట్టలేదు. మంచం అంచున కూర్చుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. గంగరాజు ఆమెను అలా చూడటం అదే మొదటిసారి. ఈసారి తలూపలేదు.

"పారిపోదావే" అన్నాడు.

"పారిపోతే జబ్బు నయం కానిదాన్నే అవుతాను. డిపోలో అడుగు పెట్టనివ్వరు. చేతిలో ఉజ్జోగం ఒదిలేసి నీతో కొబ్బరికాయలెత్తమంటావా?"

మౌనిక కౌంటర్ మూసి, వెళ్తూ వెళ్తూ వార్డులో ఆగింది. ఆ పిల్లకీ మనసు బాలేదు. "నా చేతుల్లో ఏం లేదక్కా. దానికి ఫోటో కావాలంతే. మొహం కూడా అక్కర్లేదు."

"మొహం అక్కర్లేదంటే?"

"ఆడవాళ్ళ గౌరవం కోసమని సర్క్యులర్ వచ్చిందక్కా. ఆడపేషెంట్ల ఫోటోలో మొహం కనబడకూడదు, ఒళ్ళు కనబడకూడదు. చుట్టూ పచ్చగుడ్డ కప్పేసి గాటూ స్కేలూ మాత్రం తీయాలి. ఎవరన్నది పైవాళ్ళకి తెలీదు."

సత్యవేణి నెమ్మదిగా గంగరాజు వైపు తిరిగింది. గంగరాజు రెండేళ్ళ కిందట బరువులెత్తి పేగు జారి, హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాడు.

"చొక్కా ఎత్తు" అంది.

"ఏవే, ఆ పిల్ల ముందరా."

"ఆ పిల్ల రోజూ పాతిక పొట్టలు చూత్తాది. ఎత్తు."

గంగరాజు లుంగీ కాస్త కిందికి దించి, కళ్ళు మూసుకున్నాడు. కుడివైపు పొత్తికడుపు మీద ఏటవాలుగా గాటు. బాగా మానింది, కానీ స్పష్టంగా ఉంది. మౌనిక తలుపు దగ్గరికెళ్ళి అటూ ఇటూ చూసొచ్చింది. సంచిలోంచి స్కేలు తీసి పెట్టింది.

"ఏడున్నర ఉందక్కా" అంది గుసగుసగా. "కానీ వెంట్రుకలు."

వార్డు నర్సు ఏమీ అడక్కుండా రేజరు తెచ్చిచ్చింది. గంగరాజు దేవుణ్ణి తలచుకుంటూ పడుకున్నాడు. పచ్చగుడ్డ కప్పారు. ఫోటో తీశారు. కౌంటర్ మళ్ళీ తెరిచి కంప్యూటర్లోకి ఎక్కించారు. అది ఒక్క క్షణం ఆలోచించి ఆకుపచ్చగా మారింది. ఆడమనిషి, పొట్ట, ఏడున్నర సెంటీమీటర్లు అని చూసుకుని, ఏ వైద్యమో తనే పూరించుకుంది: గర్భసంచి తొలగింపు, విజయవంతం.

తెల్లారి ఏడింటికి డిశ్చార్జి కాగితం పట్టుకుని సత్యవేణి గేటు దాటుతుంటే, ఫ్లెక్సీ మీద ఆమె మణికట్టు అలాగే ఉంది. కమిటీ వాళ్ళు తమ సిఫార్సు రాత్రికి రాత్రే అమలైనందుకు సంతోషించారు. గాటు నాణ్యత బాగుందని, ఇంత చక్కగా మానిన గాటు ఈ జిల్లాలో చూడలేదని పొగుడుతూ భుజంగరావు గారికి ప్రశంసాపత్రం పంపారు. తానెప్పుడు కోశారో ఆయనకి గుర్తు రాలేదు. అయినా తీసుకుని గోడకి తగిలించుకున్నారు.

నెలలు గడిచాయి. నెలసరి మెల్లగా దారికొచ్చింది. సత్యవేణి మొహంలోకి రక్తం వచ్చింది, గొంతులోకి పాత జోరు వచ్చింది. హనీఫ్ ఆమెను చూసి, గడ్డలెంత తగ్గాయో ఒకసారి స్కాన్ తీయిద్దామన్నాడు. స్కాన్‌కి గొడుగు కౌంటర్ అనుమతి కావాలి. పేరు కొట్టగానే ఎర్రక్షరాలు వచ్చాయి. ఈ రోగికి గర్భసంచి లేదు.

విషయం ప్రకాశం గారి దాకా వెళ్ళింది. హనీఫ్, సత్యవేణి ఆయన ఎదురుగా కూర్చున్నారు.

"లేని అవయవానికి స్కాన్ అనుమతించలేం" అన్నారు ప్రకాశం గారు.

"ఉందండి" అంది సత్యవేణి. "నా దగ్గరే ఉంది."

ప్రకాశం గారి మొహం గంభీరంగా మారింది. కుర్చీలో ముందుకి వంగారు. "అంటే, ప్రభుత్వం తన ఖర్చుతో తొలగించిన గర్భసంచి మీ స్వాధీనంలో ఉందంటున్నారా?"

"నా కడుపులో ఉందండి."

"ఎక్కడన్నది అనవసరం. తొలగించిన అవయవం ఆసుపత్రికి చెందుతుంది. అనుమతి లేకుండా ఇన్ని నెలలుగా దాన్ని మీరు వాడుకుంటున్నారు."

హనీఫ్ తల పట్టుకున్నాడు. సత్యవేణి మాత్రం తొణకలేదు. సీజన్ పాసు మీద ఫోటో ఒకరిది, ఎక్కినవాడు ఇంకొకడు అయిన కేసులు ఆమె ఎన్నో చూసింది. అలాంటప్పుడు గొడవ పెట్టుకుంటే బస్సు ఆగిపోతుంది. అవతలివాడికి దిగడానికో మెట్టు చూపించాలి.

"అయితే ఏం చేద్దావండి? లాగేసుకుంటారా?"

"అంత కఠినంగా ప్రభుత్వం వ్యవహరించదు" అన్నారు ప్రకాశం గారు. ఓ ఫైలు దగ్గరికి లాక్కున్నారు. "మిమ్మల్ని తాత్కాలిక సంరక్షకురాలిగా నియమిద్దాం. వస్తువు ప్రభుత్వానిది, సంరక్షణ మీది. ఏటా ఒకసారి స్టాకు తనిఖీ ఉంటుంది."

"తనిఖీ అంటే?"

"స్కాన్ తీస్తాం."

అలా అనుమతి వచ్చింది. స్కాన్ గదిలో తెర చూస్తూ హనీఫ్ మొహం వెలిగిపోయింది. బత్తాయంత గడ్డ నిమ్మకాయ సైజుకి దిగింది. చిన్నవి కొన్ని అసలు కనబడనే లేదు. "బాగా పనిచేసిందండీ" అన్నాడు, పరీక్ష పాసైనవాడిలాగా. సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. బయట బెంచీ మీద ఉన్న గంగరాజుకి చెప్తే, అతను పొట్ట మీద తన గాటు దగ్గర చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

రిపోర్టు ప్రకాశం గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన పాత కొలతలు, కొత్త కొలతలు పక్కపక్కన పెట్టి చూశారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"స్టాకు సగానికి సగం తగ్గింది" అన్నారు.

"అదేనండీ నయమవడం" అన్నాడు హనీఫ్.

"తొలగించిన అవయవానికి నయమవడం ఉండదు డాక్టర్. తరుగు ఉంటుంది. తరుగుకి సంరక్షకురాలు జవాబుదారీ. సత్యవేణి గారూ, మిగతా సగం ఏమైనదీ లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వాలి."

సత్యవేణి లేచి ఖాకీ చొక్కా సర్దుకుంది. బయట బస్టాండుకి ఆటో మాట్లాడి ఉంచాడు గంగరాజు, మధ్యాహ్నం ట్రిప్పుకి టైమవుతోంది.

"ఇప్పుడు రాసిత్తే మళ్ళీ రాయాల్సొత్తాదండి" అంది. "ఈ ఉన్న సగం కూడా ఇంకా తరుగుతాదంటున్నారు డాక్టరు గారు."